అత్తయ్య బోణీ

డాక్టరుగారు తెర మీద చూపించిన కాలేయం నాది కాదు.

ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలిసింది. డాక్టరుగారు పెన్ను కొసతో బొమ్మ అంచుల వెంట చూపిస్తూ, కొవ్వు మూడు శాతమే ఉందనీ, నలభై దాటినవాళ్ళలో ఇంత శుభ్రమైన కాలేయం అరుదనీ, కుడివైపు ముక్క తీసి మా అన్నయ్యకి అమర్చడానికి అడ్డేమీ కనిపించడం లేదనీ చెబుతున్నారు. మా వదిన సుభాషిణి నా చెయ్యి పట్టుకుని వదలడం లేదు. అన్నయ్య భీమశంకరం చక్రాల కుర్చీలో కూర్చుని పచ్చబడిన కళ్ళతో నా వైపు చూశాడు.

"చిన్నప్పుడు నా కంచంలో ముక్కలన్నీ ఏరుకు తినేదానివి. ఇన్నాళ్ళకి నీ ముక్క నాకొస్తోందే" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, తెర మీద కాలేయం అడుగున కుడివైపు వేలాడుతున్న నాలుకలాంటి భాగాన్ని చూస్తున్నాను. దాని కొసన చిన్న నొక్కు ఉంది, చలిమిడి ముద్ద మీద వేలు ఆనించి తీసినట్టు. ఆ నాలుకనీ ఆ నొక్కునీ నేను మా భోజనాల బల్ల దగ్గర కూరలు తరుగుతూ, మా ఆయన ల్యాప్‌టాప్‌లో ఎన్ని వందల సార్లు చూశానో లెక్కలేదు.

అవి మా అత్తయ్యవి. ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది.

* * *

మా అత్తయ్య పేరు వరాలమ్మ. ఊరు భీమిలి దగ్గర. ఆడపిల్లల హాస్టల్లో కట్టెపొయ్యి మీద వంట చేసి చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. నేను కాపరానికి వచ్చేసరికే ఆవిడకి ఒక వాక్యం పూర్తిగా పలికేంత ఊపిరి ఉండేది కాదు. సగం చెప్పి ఆగిపోయేది. మిగతా సగం మేం నింపుకోవాలి. "ఏటే హైమా, ఆ పైన..." అంటే పై అరలో ఇంగువ డబ్బా. "నిన్న ఆడు..." అంటే నిన్న కొడుకు కారేజీలో అన్నం మిగల్చుకొచ్చాడు, ఒంట్లో బాగుందో లేదో కనుక్కో అని. మొదట్లో తప్పులు చేసేదాన్ని. ఆవిడ తల అడ్డంగా ఊపి మళ్ళీ సగం చెప్పేది. రెండేళ్ళు తిరిగేసరికి ఆవిడ నోరు తెరవగానే నాకు మొత్తం తెలిసిపోయేది.

మా ఆయన సింహాద్రి ఎం.ఆర్.ఐ. యంత్రాల పరిశోధనశాలలో పనిచేస్తారు. విశాఖ ఊరి చివర, కొండవాలున ఉంది అది. అత్తయ్యకి కాళ్ళ వాపులొచ్చినప్పుడు డాక్టర్లు కాలేయంలో కొవ్వెంతుందో కొలవమన్నారు. తన దగ్గరున్న యంత్రమే కదా అని ఆయనే తీసుకెళ్ళారు. సొరంగంలో పడుకుని ఊపిరి తీసుకుని, ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు బిగబట్టాలి. అలా అయిదారు సార్లు. అత్తయ్య మూడు అంకెలు కూడా బిగబట్టలేకపోయింది. బొమ్మలన్నీ తడిసిన కాగితం మీద సిరాలా అలుక్కుపోయి వచ్చాయి.

అంతసేపు ఎందుకు పడుతుందని నేనడిగితే ఆయన మా హాల్లో గడియారాన్నీ, వంటింట్లో గడియారాన్నీ చూపించారు. వంటింటిది ఎప్పుడూ కొంచెం వెనకే నడుస్తుంది. ఒంట్లో నీరూ కొవ్వూ అంతేనట. అయస్కాంతంలో రెండూ గడియారాల్లా తిరుగుతాయి, కొవ్వు కాస్త నెమ్మది. ఆ వెనకబాటుని పట్టుకుని రెంటినీ విడదీస్తారు. పట్టుకోవాలంటే కాసేపు చూడాలి, చూసినంతసేపూ పొట్ట కదలకూడదు.

"అమ్మ ఆగలేదు కదా, యంత్రమే తొందరపడాలి" అన్నారు.

ఆ తొందర ఎలాగో ఆయనకి తట్టింది మా భోజనాల బల్ల దగ్గరే. అత్తయ్య "హైమా, ఆ చారులో..." అనగానే నేను లేచి ఆవిడ కంచంలోంచి కరివేపాకు రెబ్బ తీసేశాను. ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని అలా ఉండిపోయారు. పావు వంతు వింటే మొత్తం ఎలా తెలుస్తుందని అడిగారు. రోజూ వింటాను కాబట్టి అన్నాను. అప్పటినుంచి ఆయన యంత్రానికి అదే నేర్పడం మొదలుపెట్టారు. కొలవాల్సిన దాంట్లో చారెడు మాత్రం కొలుస్తుంది. మిగతాది అంతకుముందు చూసిన బొమ్మల్ని బట్టి తనే నింపుకుంటుంది. ఊపిరి బిగబట్టే పనే లేదు. దానికి రెప్పపాటు అని పేరు పెట్టారు.

నేర్పడానికి బొమ్మలు కావాలి. కొన్ని వేలు బయటినుంచి తెచ్చుకున్నారు. కానీ మొట్టమొదటివి అత్తయ్యవి. శనివారాలు యంత్రం ఖాళీగా ఉండేది. అత్తయ్య శనివారం పగలంతా ఉపవాసం, స్కానుకి ఖాళీ కడుపే కావాలి. అలా కుదిరింది. వారం వారం కారెక్కి వెళ్ళేది. ప్రోగ్రాము కొత్త వెర్షన్ తయారైనప్పుడల్లా ఫిలోమిన కొబ్బరికాయ కొట్టేది. యంత్రం నడిపే అమ్మాయి తను. తర్వాత అత్తయ్య సొరంగంలో పడుకుని బోణీ చేసేది. ఆవిడ బోణీ చేసిన వెర్షన్ పేచీ పెట్టదని ల్యాబులో అందరికీ గట్టి నమ్మకం. "మామ్మగారు పడుకుంటే గానీ ఇది కళ్ళు తెరవదమ్మా" అనేది ఫిలోమిన. బయటికొచ్చాక అత్తయ్య కొంగున కట్టుకున్న బెల్లమ్ముక్క విరిచి అందరి చేతుల్లోనూ పెట్టేది, తను మాత్రం తినకుండా.

రెప్పపాటు సరిగ్గా పనిచేసిన మొదటి రోజున ఆవిడ కాలేయం స్పష్టంగా కనిపించింది. నాలుకా, నొక్కూ అన్నీ. కొందరాడవాళ్ళకి పుట్టుకతోనే అలా ఉంటుందట, దాంతో ఏ ఇబ్బందీ లేదట. కొవ్వు మూడు శాతం. అత్తయ్య ఆ బొమ్మని చాలాసేపు చూసి, "ఇన్నాళ్ళూ ఇది నా కడుపులో..." అని ఆగింది. ఆ వాక్యం మాత్రం నేను నింపలేకపోయాను.

ఆ వర్షాకాలంలో జలుబు చేసి, అది ఛాతీలోకి దిగి ఆవిడ పోయింది. నెల తిరగకుండా కొత్త వెర్షన్ తయారైంది. బోణీ ఎవరు చెయ్యాలని ఫిలోమిన అడిగితే మా ఆయన, అమ్మే చేస్తుంది అన్నారు. ఆవిడ పాత కొలతలు యంత్రంలో భద్రంగా ఉన్నాయి. మనిషి సొరంగంలో లేకపోయినా, ఉన్నట్టే వాటిని ముందుగా యంత్రానికి చూపించారు. కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి వెర్షన్‌కీ అదే ఆచారమైంది. అలా వచ్చిన వెర్షన్నే అన్నయ్యని చూసే ఆస్పత్రిలోనూ పెట్టారు. నాకూ అది మంచి పనే అనిపించింది. వంటింట్లో నాకు ఆవిడ సగం మాటలు వినిపిస్తూనే ఉండేవి. "హైమా, ఆ పాలు..." అని వినిపించేది. నేను స్టవ్ తగ్గించేదాన్ని. పాలు నిజంగానే పొంగబోతుండేవి.

* * *

ఆస్పత్రి నుంచి వచ్చాక రెండ్రోజులు నేను ఎవరితోనూ ఏమీ అనలేదు.

అన్నయ్యకి కాలేయం ఇవ్వగలిగింది నేనొక్కదాన్నే. వదిన రక్తం సరిపడలేదు. పిల్లలింకా బడి దాటలేదు. అన్నయ్య అనకాపల్లిలో లెక్కల మాస్టారుగా చేసే మనిషి, ఎప్పుడో వచ్చి ముదిరిన కామెర్లు కాలేయాన్ని గట్టి చేసేశాయి. జన్మలో సీసా ముట్టకపోయినా ఊళ్ళో సగం మంది తాగుడు అనే అనుకుంటున్నారు. రెండు నెలలకి మించి ఆగలేమని డాక్టర్లు చెప్పేశారు. యంత్రం మూడు శాతం అంది. డాక్టర్లు సరే అన్నారు. నేను నోరు మూసుకుంటే ఆపరేషన్ జరిగిపోతుంది.

కానీ కోసి తీసేది అత్తయ్య కాలేయాన్ని కాదు కదా, నా దాన్ని.

మూడో రోజు సాయంత్రం ఆయన కొబ్బరి కోరుతుంటే పక్కన కూర్చుని చెప్పాను. ఆయన చెయ్యి ఆగలేదు. అలాంటి నాలుకలు చాలామందికి ఉంటాయన్నారు.

"నొక్కు కూడానా?"

ఆయన ఇంకో చిప్ప అందుకున్నారు.

"నేను రోజూ అద్దంలో చూసుకుంటానండీ. ఒంట్లో మూడు శాతం కొవ్వుండే చోటు నాకు గోళ్ళే" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆవిడ మీద బెంగతో నాకలా కనిపిస్తోందన్నారు. మీకు లేదా బెంగ అని అడిగాను. కొబ్బరి చిప్ప ఖాళీ అయిపోయినా ఆయన ఇంకా కోరుతూనే ఉన్నారు. చిప్ప గోధుమ రంగు పొడి కొబ్బరిలో రాలుతోంది. నేనే చిప్ప లాక్కున్నాను.

మర్నాడు ల్యాబుకి తీసుకెళ్ళమన్నాను. పాత పద్ధతిలో, ఊపిరి బిగబట్టి, తీరిగ్గా చూడమన్నాను.

సొరంగం చల్లగా ఉంది. గాజు అవతల నుంచి ఫిలోమిన గొంతు ఊపిరి తీసుకోమంది, బిగబట్టమంది. యంత్రం చుట్టూ దబదబా బాదడం మొదలైంది. పదిహేను అంకెల దగ్గరే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇదే బల్ల మీద ప్రతి శనివారం ఆకలి కడుపుతో పడుకున్న మనిషి గుర్తొచ్చింది. ఆవిడకి ఇందులో భయం వేసేదో లేదో ఏనాడూ అడగలేదు. అడిగినా సగమే చెప్పేది.

బయటికి వచ్చేసరికి ఫిలోమిన తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆయన కుర్చీలో ఉన్నారు. తెర మీద బొమ్మలో నాలుక లేదు. కాలేయం అంచు నా మొహంలాగే గుండ్రంగా, నిండుగా ఉంది. కొవ్వు పంతొమ్మిది శాతం. దానం చెయ్యాలంటే పది దాటకూడదు.

"ల్యాబులో పరీక్షించినప్పుడు అన్నీ సరిపోయాయి" అన్నారు ఆయన, నాతో కాదు. పరీక్షకి పడుకున్నదంతా ల్యాబు కుర్రాళ్ళు, కాలేజీ పిల్లలు, అందరూ సన్నటివాళ్ళు. అందరికీ కొవ్వు తక్కువే. అత్తయ్య అంకె వాళ్ళకీ సరిపోయింది. తప్పు ఎక్కడా బయటపడలేదు. ఎంత నేర్చినా, కొలిచింది చాలక ఏమీ తోచని చోట యంత్రం మొట్టమొదట నేర్చుకున్నదాని దగ్గరికే పోతుంది. ప్రతిసారీ మొట్టమొదట మేం నేర్పింది ఆవిడనే.

ఆయన పాత బొమ్మలు తెరవడం మొదలుపెట్టారు. ఆస్పత్రిలో కొన్ని నెలలుగా ఈ యంత్రంతో చూసినవాళ్ళందరివీ ఉన్నాయి. సన్నటివాళ్ళవి మామూలుగానే ఉన్నాయి. తర్వాత లావుపాటి లారీ డ్రైవరు ఒకాయన. కాలేయం కింద పొగలాంటి నీడ. దగ్గరికి లాగి చూస్తే నాలుక. తర్వాత స్కూలు నడిపే ఒక సిస్టరు. నాలుక, కొసన నొక్కు. తర్వాత పెళ్ళికి ముందు ఒళ్ళు తగ్గాలని వచ్చిన ఒక అమ్మాయి. అక్కడా ఆవిడే. ఒళ్ళున్నవాళ్ళలో ఎవరి పక్కటెముకల కింద చూసినా, కాస్త పల్చగానో కాస్త చిక్కగానో, మా అత్తయ్య కూర్చుని ఉంది. ఆయన ఒక్కో బొమ్మా తెరుస్తున్నారు. ఫిలోమిన మెడలో శిలువ పట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది.

"నాకు ముందే కనిపించిందే" అన్నారాయన. "ఒకట్రెండిట్లో. అమ్మ పోయాక నాకు ప్రతిచోటా కనిపించేది. మంచినీళ్ళ గ్లాసులో కూడా. అందుకని బొమ్మని అనుమానించలేదు, నా కళ్ళనే అనుమానించాను."

తర్వాత తెరిచిన బొమ్మ దగ్గర ఆగిపోయారు. పలాసలో జీడిపప్పు బట్టీలో పనిచేసే ఒకాయనది. భార్యకి కాలేయం ఇచ్చాడు. యంత్రం నాలుగు శాతం అంది. అమర్చిన ముక్క పనిచెయ్యడం మొదలుపెట్టనే లేదు. ఆమె వారం తిరక్కుండా పోయింది. ఒక్కోసారి ఇలా జరుగుతుందని అప్పుడు డాక్టర్లు అన్నారు, అందరూ నమ్మారు. మా ఆయన తెర మీద ఆ నాలుక ఉన్న చోట అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

* * *

అన్నయ్యకి చెప్పడానికి అనకాపల్లి వెళ్ళాను. ఫోన్లో చెప్పే మాట కాదు.

అన్నయ్య మంచం మీద గోడకి ఆనుకుని అంతా విన్నాడు. వదిన గుమ్మంలో నిలబడి వింది. నేను ముగించాక వంటింట్లోకి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. అప్పుడూ పెంచలేదు.

"ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ మాటే అనొచ్చుగా హైమా. పోయిన మీ అత్తగారి మీద పెట్టడం దేనికి?"

నా దగ్గర రెండు బొమ్మలూ ఉన్నాయి. సంచిలోంచి తియ్యబోయి మానేశాను. చూపిస్తే నిజమని తెలుస్తుంది. కానీ ఆ క్షణాన వదినకి కావలసింది నిజం కాదు. బస్సులో తిరిగి వస్తుంటే "హైమా, ఆళ్ళకి..." అని చెవి పక్కనే వినిపించింది. కళ్ళు మూసుకున్నాను. ఆవిడ మాట ఆవిడ చెప్పుకోలేని చోట ఎన్నాళ్ళ నుంచి నేను చెబుతున్నాను, అందులో ఎంత ఆవిడది, ఎంత నాది అని మొదటిసారి అనుమానం వచ్చింది.

వారం తర్వాత అన్నయ్యే ఫోన్ చేశాడు. ముందు కాసేపు దగ్గాడు. తర్వాత, "నువ్వు చెప్పకపోతే ఆ పలాస ఆవిడ పక్కన నేనుండేవాణ్ణి" అన్నాడు. ఎంత తొందరగా తగ్గగలవని అడిగాడు. కాలేయంలో కొవ్వు ఒంటి మీద కొవ్వు కంటే ముందు కరుగుతుందని డాక్టర్లు చెప్పారనీ, నోరు కట్టుకుంటే రెండు నెలల్లోపే కావచ్చనీ చెప్పాను. "నోరు కట్టుకోవడమా, నువ్వా? అయితే నా పని అయిపోయినట్టే" అన్నాడు. వెనక వదిన అతన్ని కసురుకోవడం వినిపించింది.

ఆ ఆదివారం వదిన మా ఇంటికొచ్చింది. పాత మాట ఎత్తలేదు. సంచీ నిండా ఉలవలూ, మెంతులూ, కాకరకాయలూ తెచ్చింది. నా వంటింట్లో నూనె డబ్బా తీసుకెళ్ళి ఎదురింటావిడకి ఇచ్చేసింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చి బీచి రోడ్డు మీద నా పక్కన నడిచేది. నేను బెంచీ చూసి ఆగితే, నువ్విక్కడ కూర్చుంటే అక్కడ మీ అన్నయ్య లేవడు పద, అనేది. అన్నం కల్లోకొచ్చేది నాకు. ఆవిరి పొగలు కక్కే తెల్లన్నం, దాని మీద ముద్దపప్పు. లేచి మజ్జిగ తాగి పడుకునేదాన్ని.

ఈలోపు మా ఆయన యంత్రాన్ని ఆపించేశారు. ఆస్పత్రికి చెప్పేశారు. చూసిన ప్రతి మనిషినీ పిలిచి పాత పద్ధతిలో మళ్ళీ చూడాలని పట్టుబట్టారు. ల్యాబు పెద్దలకి కోపాలొచ్చాయి. చిన్న సవరణగా పోనిచ్చేదానికి ఇంత గోల దేనికన్నారు. ఆయన వాదించలేదు, విని వచ్చి మళ్ళీ ఫోన్లు చేసేవారు. పలాసకి మాత్రం ఫోన్ చెయ్యలేదు, రైలెక్కి వెళ్ళారు.

తిరిగొచ్చి చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూర్చున్నారు. అడగ్గా అడగ్గా చెప్పారు. ఆ మనిషి మొత్తం విన్నాడట. తిట్టలేదట. బొమ్మలో ఉన్నది ఎవరని అడిగాడట, మా అమ్మ అని చెప్పారట. ఆ మనిషి కాసేపు చేతులకంటిన జీడి మరకలు చూసుకుని, ఒక్కమాట అన్నాడట.

"నా ముక్క మంచిదే, మా ఆడదాని రాతే బాగాలేదు అనుకుని ఇన్నాళ్ళూ అన్నం తింటన్నానండి."

ఆ మాటకి ఏం చెప్పారని నేను అడగలేదు. ఆయన ఆ రోజు అన్నం తినలేదు. ఆ తర్వాత చాలా రోజులు కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద దగ్గర ఆగిపోయేవారు.

* * *

నేను మళ్ళీ స్కానుకి వెళ్ళిన రోజునే ఆయన కొత్త వెర్షన్ మొదలుపెట్టారు. అందులోంచి అత్తయ్యని తీసేశారు. ఒక బొమ్మో రెండు బొమ్మలో తీస్తే చాలదట, అడుగున ఇంకిపోయిన మనిషి అలా దిగదట. పాతవన్నీ చెరిపి యంత్రాన్ని అక్షరం రాని దశకి తీసుకెళ్ళి మళ్ళీ నేర్పాలి. చెరిపే మీట తనే నొక్కారు. నన్ను పక్కన నిలబడమన్నారు. తెర మీద ఏమీ కనిపించలేదు. గదిలో చప్పుడు కూడా మారలేదు. అంత మనిషి వెళ్ళిపోతే కనీసం తలుపు చప్పుడైనా కావాలి కదా అనిపించింది.

ఫిలోమిన అలవాటు కొద్దీ కొబ్బరికాయ తెచ్చింది. చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"బోణీ ఎవరిది సార్?"

"ఎవరిదీ కాదమ్మా. అన్నీ కలిపి ఒకేసారి."

ఇంకొకటి కూడా చేశారాయన. చూడని చోట నింపొద్దని నేర్పారు. కొన్నాళ్ళ తర్వాత వచ్చిన మొదటి బొమ్మ నేనూ చూశాను. కాలేయం ఉంది, దాని మీద అక్కడక్కడా నల్లటి ఖాళీలున్నాయి, చెదలు తిన్న గుడ్డలా. ఆ నలుపున్న చోట ఏముందో తనకి తెలియదని యంత్రం చెబుతోంది. తెలుసుకోవాలంటే మనిషి ఇంకాసేపు ఆగాలి, ఇంకో ఊపిరి బిగబట్టాలి. ఇంత నెమ్మదిగా నడిచేదానికి రెప్పపాటు అని పేరెందుకని ల్యాబులో ఎవరో అన్నారట. ఆయన పేరు తీసేశారు. ఊపిరి బిగబట్టలేని వాళ్ళ మాటేమిటని నేనడిగాను. మా అత్తయ్యలాంటి వాళ్ళకి ఇప్పుడు మళ్ళీ ఏ యంత్రమూ లేదు. "తెలియదు" అన్నారు. ఆ మాట ఆయన నోట అంతకుముందు వినలేదు.

ఇక ఆ రోజు నాకు చేసింది పాత పద్ధతే. ఈసారి ఇరవై దాకా బిగబట్టగలిగాను, బీచి రోడ్డు పుణ్యం. ఎనిమిది శాతం. డాక్టరుగారు రెండుసార్లు చూసి సరే అన్నారు. వదిన నా చెయ్యి పట్టుకోలేదు. బొమ్మ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, కుడివైపు అడుగున నాలుక ఏమైనా ఉందా అని తనే వెతికింది. లేదని చూసుకున్నాక వచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

ఆపరేషన్ తర్వాత నాకు తెలివొచ్చేసరికి కిటికీలోంచి పగటి వెలుగు పడుతోంది. పొట్ట మీద పెద్ద బండ పెట్టినట్టుంది. మా ఆయన నా కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నారు. అన్నయ్య ఎలా ఉన్నాడని అడగబోతే గొంతు పెగల్లేదు. ఆయన నా పెదాల వైపే చూస్తూ ఆగారు. నేను అడగబోయేది ఏమిటో ఆయనకి తెలుసు. అయినా నింపలేదు. నీళ్ళలో ముంచిన దూది పెదాల మీద అద్ది, ప్రశ్న నేను పూర్తిగా పలికేదాకా ఓపిక పట్టారు. పలికాక చెప్పారు. "పని మొదలెట్టింది. నీతో చెప్పమంటోంది మీ వదిన, మీ అన్నయ్యకి ఆకలి కూడా నీదే వచ్చిందట, పొద్దున్నే ముద్దపప్పు అడిగాడట."

ఇంటికొచ్చి నెల దాటింది. వంటింట్లో నిలబడి పని చేసుకోగలుగుతున్నాను. నిన్న మధ్యాహ్నం చారు పోపు వేస్తుంటే వెనక నుంచి వినిపించింది. చాలా రోజుల తర్వాత, ఎప్పటిలాగే సన్నగా, ఊపిరి అందక.

"హైమా, నువ్వు నన్ను..."

చేతిలో గరిటె ఆగిపోయింది. నోరు తెరిచాను. మిగతా సగం నాలిక చివర దాకా వచ్చింది. ఒకటి కాదు, ఎన్నో వచ్చాయి. నన్ను చెరిపేశావా అని. నన్ను మోసింది చాలు, దింపెయ్యి అని. నన్ను మర్చిపోకు అని. ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు, ఏదైనా ఆవిడ గొంతులోనే వినిపిస్తుంది. ఆ గొంతు నాకు అంత బాగా వచ్చు.

స్టవ్ ఆపేశాను. గట్టుకి ఆనుకుని నిలబడ్డాను. హాల్లో గడియారం గంట కొట్టింది. కాసేపటికి, వెనకబడి, వంటింటిదీ కొట్టింది. ఆవిడ ఆగిన చోటే నేనూ ఆగాను. ఆ తర్వాత ఆవిడ ఏమనేదో నాకు తెలియదు.